నశ్యం లాంటి విత్తనాలు

ఉండేది చలి ప్రదేశం కాబట్టి చలిని తట్టుకునే పూలే వేద్దామని ఫాక్స్‌గ్లవ్ విత్తనాలు తెప్పించాను. ట్రేలో మట్టి నింపాను, తడిపాను. ఇక్కడిదాకా ఏ తప్పూ జరగలేదు.

ప్యాకెట్ చింపి అరచేతిలో వంపుకున్నాను. అచ్చం నశ్యం! వందల విత్తనాలు కలిపినా చిటికెడు లేవు. వీటి మీద మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. పైపైన సమంగా చల్లాలని ముక్కు అరచేతికి ఆనేంతగా వంగాను.

అప్పుడొచ్చింది తుమ్ము. చెప్పాపెట్టకుండా ఏమీ రాలేదు, ముక్కు చివర దురదతో ముందే కబురు పంపింది. గుప్పిట మూద్దామంటే విత్తనాలు చేతికి అంటుకుపోతాయి. రెండో చేత్తో ముక్కు పట్టుకుందామంటే దాన్నిండా బురద. తల పక్కకి తిప్పొచ్చుగా అంటారు మీరు. మా ఇంట్లోనూ అందరూ అదే అంటున్నారు. తుమ్ము ముంచుకొస్తున్నప్పుడు నోరు తెరిచి ఆకాశం చూసేవాళ్లే తప్ప, తీరిగ్గా పక్కకి తిరిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. దురద ఆగింది. హమ్మయ్య, పోయిందనుకుని తల దించాను. పోలేదు. కళ్లు తెరిచేసరికి అరచెయ్యి కడిగిన పళ్లెంలా ఉంది.

కొన్నైనా ట్రేలో పడకపోతాయా అని 3 వారాలు నీళ్లు పిచికారీ చేశాను. ఒకే ఒక్క మొలక వచ్చింది. నిన్న పక్కింటావిడని పిలిచి మరీ చూపించాను. ఆవిడ ఏదో మాట్లాడుతూనే దాన్ని రెండు వేళ్లతో పీకి అవతల పారేసింది.

"కలుపండీ. ముదిరితే వదలదు."

"ఫాక్స్‌గ్లవ్ అనుకున్నాను..."

"దాని ఆకు మీద నూగుంటుందండీ" అంది, చేతులు దులుపుకుంటూ. థాంక్స్ చెప్పాను. ఇంకేం చేస్తాను?

నా కోపమంతా ఆ ప్యాకెట్ మీద. ముందువైపు నిలువెత్తున గంటల్లాంటి ఊదా పూలు. సూచనలేమో వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ సరిగ్గా 'ఇక్కడ చింపండి' అన్న గీతకి అటూ ఇటూ. మట్టి కప్పొద్దన్న ముక్క నా అదృష్టం కొద్దీ ఇటువైపు మిగిలింది. రాత్రి పాత కుండీల మధ్య వెతికి చింపిన పీలిక పట్టుకున్నాను, భూతద్దం పెట్టి చదివాను. 'పొడి ఇసుకలో కలిపి చల్లండి' అని ఉంది. దాని కింద ఇంకో వరుస: 'మొదటి ఏడాది ఆకులే. పూలు రెండో ఏడాది.'