విశాఖలో కిల్లీ చేపలకు హీటర్ కాదు, చల్లదనం కావాలి

అక్వేరియంలో పెంచుకునే చిన్న రంగుల చేపలు కిల్లీల గురించి మీరు వేసిన వ్యాసంలో వాటికి హీటర్ తప్పనిసరి అని రాశారు, మా విశాఖపట్నంలో ఆ సలహా పాటిస్తే మాత్రం చేపలు దక్కవండీ. అఫియోసెమియాన్ ఆస్ట్రాలే లాంటి ఆఫ్రికా రకాలకు 20 నుంచి 24 డిగ్రీల నీళ్లు హాయి. ఇక్కడ మే నెలలో గదిలో పెట్టిన బకెట్ నీళ్లే 30 దాటిపోతాయి. నీటి మీదకు ఫ్యాన్ పెట్టమంటారు, నిజమే, కానీ నీరు ఆవిరైతేనే అది పనిచేస్తుంది, సముద్రం పక్కన గాలిలో ఇంత తేమ ఉంటే పెద్దగా చల్లబడదు. ట్యాంకును నేల మీద, ఎండ తగలని గదిలో పెట్టుకోవడం మేలు.

నోథోబ్రాంకియస్ అనే మరో ఆఫ్రికా కిల్లీ గుడ్ల గురించి వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు నిజంగా బాధనిపించింది, అసలు అద్భుతం అక్కడే కదా! తూర్పు ఆఫ్రికాలో వాన నీటి గుంటలు ఎండిపోతే పెద్ద చేపలన్నీ చనిపోతాయి, గుడ్లు మాత్రం మట్టిలో నెలల తరబడి బతికే ఉంటాయి. ఇంట్లో అయితే బాగా కడిగిన కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) గుడ్లు పెట్టించి, నీళ్లు పిండేసి, కాస్త చెమ్మ ఉండగానే కవర్లో వేసి తేదీ రాసి దాచాలి. వేడికి గుడ్డు త్వరగా ఎదుగుతుంది కాబట్టి పుస్తకంలో రాసిన వారాలు చూసుకుని కూర్చోకండి, గుడ్డులో కళ్లు స్పష్టంగా కనిపించాకే నీళ్లు పోయండి. గుడ్లలోంచి వచ్చిన చేపపిల్లలకు మొదటిరోజు నుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్యలాంటి జీవి) కావాలి, పొడి మేత ముట్టవు.

కొత్తవాళ్లు మన చెరువుల్లో, కాలువల్లో ఉండే పాంచాక్స్ అనే చిన్న చేపతో మొదలుపెట్టండి, అదీ కిల్లీయే, వేడికి తట్టుకుంటుంది. మూత మాత్రం సందు లేకుండా వేయండి, తెగ ఎగురుతాయి.