సకుటుంబ సపరివార సముద్రయానం

ఉమ్మడి కుటుంబం ఎందుకు విచ్ఛిన్నమైందన్న విషయం మీద మన పండితులు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడుతున్నారు. ఉద్యోగాల కోసం వలసలే కారణమని కొందరు, ఆస్తి తగాదాలని కొందరు, అత్తాకోడళ్లని మిగిలినవారు తేల్చారు. వీరిలో ఒక్కరు కూడా కరీబియన్ క్రూయిజ్ ఎక్కినట్టు లేదు. నేల మీద మూడు తరాలు పట్టిన పనిని ఆ ఓడ మా విషయంలో గంటన్నరలో ముగించింది. పైగా అందుకు టికెట్టు డబ్బులు కూడా పుచ్చుకుంది. ఆ ప్రయోగానికి గురైన ఎనిమిది మందిలో ఒకడిగా నా వాంగ్మూలాన్ని భావి పరిశోధకుల సౌకర్యార్థం ఇక్కడ దాఖలు చేస్తున్నాను.

ఆ ఎనిమిది మందీ ఎవరంటే: డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, కోడలు, పద్నాలుగేళ్ల మనవరాలు, ఆరేళ్ల మనవడు, కాకినాడ నుంచి వెళ్లిన మేమిద్దరం, గుంటూరు నుంచి వచ్చిన వియ్యంకుడు, వియ్యపురాలు. "అందరం కలిసి గడిపినట్టు ఉంటుంది నాన్నా" అన్నాడు అబ్బాయి. ప్రకటనలో కూడా అదే ఉంది. అమ్మ, నాన్న, తాత, అమ్మమ్మ, పిల్లలు చేతులు పట్టుకుని అలల్లో పరుగెడుతున్న బొమ్మ. అందరూ ఒకే వైపు పరుగెడుతున్నారు. అది చూసే మోసపోయాం.

కలియుగంలో సముద్రయానం కూడదని మన పెద్దలు రాసిపెట్టారు. మా తాతగారు ఆ మాట వినకుండా కాకినాడలో ఓడ ఎక్కి బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లారు. పైడెక్కు మీద, చాప పరుచుకుని, మూటలో అటుకులతో. భార్య, ఇద్దరు పిల్లలు, తమ్ముడు అదే చాప మీద. వాంతులు కూడా కలిసే చేసుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. నేను ఎక్కిన ఓడలో పద్నాలుగు డెక్కులు, మూడు ఈతకొలనులు, పదహారు లిఫ్టులు ఉన్నాయి. చాప ఒక్కటే లేదు.

టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ రేవులో సామాను తనిఖీ దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. కోడలు ముందుచూపుతో పెట్టెలో ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు సర్దింది. ఓడలో వేడెక్కే సరుకేదీ గదిలో ఉండకూడదట, నిప్పు భయం. ఇస్త్రీపెట్టె, కెటిల్, కుక్కరు అన్నీ నిషిద్ధమే. కాసేపటికి కబురు వస్తే నేనూ అబ్బాయీ కింది అంతస్తులోని ఒక గదికి వెళ్లాం. పోలీసు స్టేషన్లో దొంగసొత్తు పేర్చినట్టు బల్లల మీద ఇస్త్రీపెట్టెలు, కెటిళ్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు. వాటి మధ్య మా కుక్కరు. దాని పక్కన ఇంకో రెండు కుక్కర్లు. ఒకటి గుడ్డసంచిలో ఉంది. ఆ సంచి మీద పసుపు రంగులో అరటిచెట్లు, కింద ఎర్రటి అక్షరాల్లో "శుభమస్తు". ఎవరి పెళ్లిలోనో తాంబూలంతో ఇచ్చిన సంచి. అట్లాంటిక్ ఆవలి గట్టున చేతికి సంకెళ్లతో మనవాడు కనిపించినట్టయింది. రసీదు తీసుకుని వచ్చేశాం.

తర్వాత హాజరు. ఓడ కదలకముందే ప్రయాణికులంతా తమకు కేటాయించిన ప్రాణరక్షణ స్థలానికి వెళ్లి కనిపించాలి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాతికి గుద్దుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజు కొత్తగా ఎక్కినవారికి ఈ శిక్షణ ఇంకా ఇవ్వనేలేదు. అప్పటి నుంచి బయలుదేరకముందే ఈ తంతు ముగించాలని పట్టుబడుతున్నారు. మంచి నియమమే. ఎనిమిది మందిమీ ఒకే గుర్తు కింద భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. మా ఆవిడ కళ్లు చెమర్చాయి. కంపెనీవారి సిద్ధాంతం నాకు బోధపడటానికి మరో గంట పట్టింది: మునిగేటప్పుడు కుటుంబం కలిసి ఉండాలి, తేలుతున్నంతసేపూ ఎవరి దారి వారిది.

మనవణ్ణి పిల్లల క్లబ్బు తీసుకుంది. మణికట్టుకు పట్టీ కట్టి, వాళ్ల నాన్న చేత సంతకం పెట్టించుకుని లోపలికి పంపారు. మొదటి రోజు వాడు ఏడుస్తాడేమోనని తలుపు దగ్గర కాపలా కాశాం. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే నిజంగానే ఏడ్చాడు, ఎందుకొచ్చారని. మనవరాలిది వేరే క్లబ్బు, పెద్దలకు ప్రవేశం లేదని తలుపు మీదే రాసి ఉంది. మూడో రోజు లిఫ్టులో స్నేహితురాళ్లతో ఎదురైంది. మమ్మల్ని చూడగానే మీటల మీది అంకెలను శ్రద్ధగా చదవసాగింది. (ఆ అంకెల్లో పదమూడు లేదు. పన్నెండు తర్వాత నేరుగా పద్నాలుగే. తెల్లవాళ్లకూ పట్టింపులున్నాయని తెలిసి మా వియ్యంకుడు పరమానందపడిపోయారు. "వాస్తు చూసే కట్టారు బావగారూ!")

అబ్బాయీ కోడలూ పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే అని రాసి ఉన్న డెక్కుకు వెళ్లిపోయారు. నాకు పద్దెనిమిది నిండి యాభై ఏళ్లు దాటింది కనుక నేనూ వెళ్లాను. "ఇక్కడ మీకు ఎండ ఎక్కువ నాన్నా" అన్నాడు అబ్బాయి. వాడి చిన్నప్పుడు మా ఇంట్లో నా స్నేహితులు కూర్చున్నప్పుడు నేను సరిగ్గా ఈ గొంతుతోనే "లోపలికెళ్లి చదువుకో" అనేవాణ్ణి. వియ్యపురాలికి బింగో దొరికింది. వియ్యంకుడికి కాసినో. అమెరికా జలాలు దాటేదాకా అది తెరవరు. గొలుసు కట్టిన ఆ వాకిట్లో ఆయన ద్వాదశి పారణకు ఎదురుచూసే భక్తుడిలా నిలబడ్డారు. తెరిచాక ఒక్క డాలరు పెట్టింది లేదు. ఆడేవారి వెనక నిలబడి తెలుగులో సలహాలిచ్చేవారు.

ఇక మిగిలింది మేమిద్దరం, మా గది. అది లోపలి గది, చవక. కిటికీ ఉండదు. ఉండదని తెలిస్తే బెంగపడతామని గోడకు పరదా వేలాడదీశారు. పరదా తీస్తే అద్దం. మా ఆవిడ నలభై ఏళ్లుగా లేవగానే కిటికీ తలుపు తీసే మనిషి. ఏడు రోజులూ పొద్దున్నే సముద్రం చూద్దామని పరదా లాగి, తన మొహం తాను చూసుకుని, "నేనే" అని మళ్లీ మూసేసింది.

భోజనం గురించి ఎక్కువ రాయను. రాస్తే అది దండకం అవుతుంది. బఫే వాకిట్లో ఒక కుర్రవాడు చేతుల మీద మందు చల్లుతూ, చేతులు కడుక్కోమని పాట పాడేవాడు. ఓడలో నూటికి ముగ్గురు వాంతులు, విరేచనాలతో పడిపోతే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఆ ఓడ పేరు బయటపెడుతుంది. ఆ భయం. మా ఆవిడకు ఓడలో నచ్చినవాడు అతనొక్కడే. "కాళ్లు కూడా కడిగించి ఉంటే బాగుండేది" అంది.

టిప్పు సంగతి మాత్రం చెప్పాలి. ఇష్టముంటే ఇచ్చేది కాదు, లెక్కలో ముందే కలిపేస్తారు. తలకు రోజుకు పదహారు డాలర్లు. ఆరేళ్లవాడి తల కూడా తలే. ఎనిమిది తలలు, ఏడు రోజులు: 896 డాలర్లు. నేను గొణుగుతుంటే మా గది సర్దే ఇండోనేషియా అబ్బాయి తువ్వాలుతో ఏనుగును చేసి, దానికి నా కళ్లజోడు పెట్టి మంచం మీద కూర్చోబెట్టి వెళ్లాడు. మా మూడు గదులూ అతనివే. నాలుగో రోజు అడిగాడు: "మీరంతా ఒకటే కుటుంబమా?" అవునన్నాను. ఎప్పుడూ కలిసి కనబడలేదని ఆశ్చర్యపోయాడు. మరి నీ కుటుంబం అన్నాను. ఎనిమిది నెలల కాంట్రాక్టు, ఇంకా మూడు నెలలుంది, పాపకు రెండేళ్లు అన్నాడు. ఫోన్లో బొమ్మ చూపించాడు. కుటుంబ విహారానికి ప్రత్యేకించిన ఈ ఓడను నడిపే వందల మందికి కుటుంబం ఇలా ఫోన్లోనే ఉంటుంది.

ఆ ఓడ వెనక భాగాన బహామాస్ రాజధాని నసావు పేరు రాసి ఉంటుంది. ఎక్కేవారిలో ఎక్కువమంది అమెరికావారు, లాభమూ అమెరికాదే, ఓడ మాత్రం కాగితాల మీద బహామాస్ పౌరురాలు. అమెరికా పన్నులకూ కార్మిక చట్టాలకూ ఈత రాదు కాబోలు. ఇలాంటి విదేశీ ఓడ మనుషులను ఎక్కించుకుని ఇంకే దేశపు గడపా తొక్కకుండా అమెరికా రేవుల మధ్యే తిప్పడానికి 1886 నాటి చట్టం ఒప్పుకోదు. కనుక మేము జమైకా వెళ్లింది జమైకా మీద మమకారంతోనే కాదు, చట్టం మీద గౌరవంతో కూడా.

కొలంబస్ 1492లో ఇండియాకని బయలుదేరి ఈ దీవుల్లో తేలాడు. ఇక్కడివారికి ఇండియన్లని పేరు పెట్టి తన పొరపాటును చరిత్ర చేశాడు. ఐదు వందల ఏళ్లకు పైగా గడిచాక అసలు ఇండియన్లం వచ్చి దిగితే, గేటు దగ్గర టోపీలమ్మే మనిషి తప్ప ఎవరూ పలకరించలేదు. జమైకా రేవు ఫాల్మత్‌లో టాక్సీ డ్రైవరు నా వయసువాడే. వెస్టిండీస్ పేసర్ మైకేల్ హోల్డింగ్ పేరెత్తాను. బండి పక్కకు తీసి ఆపాడు. 1976లో కింగ్‌స్టన్‌లో జరిగిన టెస్టులో ఆ పేసర్లు మనవాళ్లను పడేసిన తీరుకు, ఫీల్డింగులో తగిలిన దెబ్బలకు రెండో ఇన్నింగ్స్‌లో ఐదుగురు బ్యాటింగుకే రాలేక 97 దగ్గర మన ఇన్నింగ్స్ ముగిసింది. పేపర్లో అది చదివి నేను ఆ పూట అన్నం తినలేదు. ఆ మాట చెబితే అతను స్టీరింగు చరిచి నవ్వి, పరిహారంగా మేకమాంసం కూర తినిపించాడు. 1845లో మన కూలీలను ఈ దీవికి ఓడల్లో తెచ్చినప్పుడు వారి వెంట దిగిన కూర అది. రొట్టె ముంచుకుని తింటూ మా ఆవిడ అంది, "కారం కాస్త తగ్గింది కానీ, మన చెయ్యే."

మిగిలిన రెండు రేవులూ గ్రాండ్ కేమన్ దీవి, మెక్సికోలోని కొజుమెల్. పన్నుల బాధ లేని మొదటిదాంట్లో మనుషులకంటే నమోదైన కంపెనీలే ఎక్కువ. ఒక్క కంపెనీ కూడా కంటపడలేదు, ఎండకు లోపల పడుకుని ఉంటాయి. రెండింటిలోనూ మాకు దొరికింది టాంజనైట్ నగల దుకాణాలు. టాంజానియాలో తప్ప ప్రపంచంలో మరెక్కడా దొరకని ఆ రాయి కరీబియన్‌లో అడుగడుగునా దొరుకుతుంది.

ఆరో రాత్రి అందరూ మంచి బట్టలు వేసుకోవాలని నియమం. పట్టుచీరలు, సూట్లు, వియ్యంకుడి జరీ పంచె. అప్పుడు మళ్లీ ఎనిమిది మందిమీ ఒక చోట చేరాం, ఫోటో కోసం. వెనక అస్తమించే సూర్యుడు, అలలు వేసిన గుడ్డ తెర. ఆ గుడ్డ వెనక గోడ. గోడ వెనక అస్తమిస్తున్న సూర్యుడు, అలలు. "బయటికెళ్లి తీయొచ్చు కదా బాబూ" అంది మా ఆవిడ. బయట వెలుతురు సరిగ్గా ఉండదని ఫోటోగ్రాఫరు వినయంగా చెప్పాడు. ప్రతి ఒక్కటీ పాతిక డాలర్లు. రెండు కొన్నాం. వియ్యాలవారికి ఒకటి ఇవ్వకపోతే బాగుండదు.

చివరి ఉదయం గాల్వెస్టన్‌లో దిగేముందు పట్టుబడిన వస్తువులు తిరిగిచ్చే బల్ల దగ్గర పెద్ద వరస. అబ్బాయి ఒక్కడే వెళ్లి తెస్తానన్నాడు. ఎందుకో అందరం వెళ్లాం. క్లబ్బు మూసేశారు కనుక మనవడు వచ్చాడు. స్నేహితురాళ్లు దిగిపోయారు కనుక మనవరాలు వచ్చింది. మా ముందు ఒక పెద్దావిడ శుభమస్తు సంచిని చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి, మా ఆవిడ బొట్టు చూసి, "ఏ ఊరమ్మా?" అంది. కాకినాడ అని చెప్పేలోపు బల్ల అవతలి మనిషి మా కుక్కరు పైకెత్తి, ఇది ఎవరిదని కేకేశాడు.

"మాది" అన్నాం ఎనిమిది మందిమీ.