అద్దె జాకీ గారికి ఒక మనవి

మహారాజశ్రీ అద్దె జాకీ గారి సముఖమునకు, నమస్కరించి వ్రాయునది. మర తిప్పితే పొడవు సర్దుకుని, స్లాబుకు ఊతంగా నిలిచే ఇనుప స్తంభం తమరు. తమరు నిటారుగా ఉన్నంతవరకు మేమిక్కడ క్షేమం.

తమరు పరివారంతో మా ఇంట్లో దిగి ఇవాళ్టికి 12 రోజులు. గోడ ఉన్నచోటికి ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, బీమ్ కింద ముగ్గురు. కాళ్ల కింద పలక, నెత్తిన పలక. టీవీకి అడ్డం, ఫ్యాన్ గాలికి అడ్డం. ఇల్లరికపు అల్లుడైనా సాయంత్రంపూట అలా బయటికెళ్లి వస్తాడు. తమరికి ఆ అలవాటూ లేదు. పైగా రోజుకింతని అద్దె!

ఇదంతా మా వదినగారి అపార్ట్‌మెంట్ చూసొచ్చిన పుణ్యం. వాళ్లు హాలూ వంటగదీ కలిపేశారు, మనమూ గోడ కొట్టేద్దామంది మా ఆవిడ. అక్కడ బరువు మోసేవి పిల్లర్లు, గోడ ఉత్త తెర. మాది నాన్న 1986లో కట్టించిన ఇల్లు. పిల్లరన్నది ఒక్కటీ లేదు, 9 అంగుళాల ఇటుక గోడలే స్లాబును మోస్తున్నాయి.

"ఏం కాద్సార్, పైన ఒక బీమ్ పడేద్దాం" అన్నాడు మేస్త్రి, అప్పటికే సుత్తి పట్టుకుని. దేనిమీద పడేస్తావయ్యా అని అడిగింది ఇంజనీరు ఒక్కరే. బీమ్ చివర్లు పాత ఇటుకల్లోకి దూర్చేద్దామన్నది మేస్త్రి ప్లాను. అటూ ఇటూ 12 బై 12 అడుగుల గదులు, 5 అంగుళాల స్లాబు. ఒక్కో గది స్లాబులో సగమే లెక్కేసినా ఆ గోడ నెత్తిన 4 టన్నుల పైమాటే. ఇన్నేళ్లూ పొడవునా పంచుకుని మోసిందది. ఇప్పుడా బరువంతా బీమ్ రెండు కొసలకే చేరుతుంది. అందుకని రెండు కొత్త పిల్లర్లు, వాటికింద పునాదులు. హాలు పెద్దదవుతుందనుకుంటే ముందు గోతులు వచ్చాయి.

మొన్న ఆదివారం మేడమీంచి స్లాబుకు చిల్లులు పెట్టి, బీమ్‌కి కాంక్రీటు పోశారు. ఇవాళ బుధవారం. పొద్దున్నే మేస్త్రిని పిలిచి, తమరిని సాగనంపే ముహూర్తం అడిగాను. దాచడమెందుకు, అద్దె గుర్తొచ్చింది. అతను బీమ్‌ని గోటితో గీకి చూసి "రాయైపోయింది సార్, తీసేద్దాం" అన్నాడు. ఇంజనీరుకి ఫోన్ చేస్తే ఐఎస్ 456 అనే, కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణాల కోడ్ చదివి వినిపించారు. 6 మీటర్లలోపు బీమ్ కింది ఊతాలు 14 రోజులదాకా కదపకూడదట. గోటి ప్రస్తావన అందులో లేదట.

కాబట్టి అయ్యా, పొద్దున నేనన్న మాటలు మనసులో పెట్టుకోకండి. ఇంకో 11 రోజులు దయచేసి కదలకండి. ఆ తర్వాత కూడా ముందు బీమ్ నడుమనున్నవారి మర, పిదప కొసలవారిది, కాస్త కాస్తగా వదులు చేస్తారట. ఆ పూట మేమంతా పెరట్లో ఉంటాం.

మా అమ్మ మాత్రం తమలో ఒకరిని శాశ్వతంగా ఉంచేయమంటోంది. తువ్వాళ్లు ఆరేసుకోవడానికి బాగుందట. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
స్లాబు కింద నివసించు
తమ విధేయుడు