మా వంద సీసీ బండిక్కూడా డీజీసీఏ కావాలి

విమానయాన శాఖ అంటే మన ఉత్తరాంధ్రోళ్లకి ఢిల్లీ విషయం కాదండీ, ఇంటి విషయం. 2014లో విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు వెళ్లి ఆ కుర్చీలో కూచున్నారు, 2024లో శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు గారు వెళ్లి అదే కుర్చీలో కూచున్నారు. బాడంగిలో అయితే రెండో ప్రపంచ యుద్ధం టైంలోనే బ్రిటిషోడు రన్‌వే వేసేసి పోయాడు. ఇక భోగాపురం సంగతి చెప్పక్కర్లేదు, 2019లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023లో ఇంకో ముఖ్యమంత్రి వచ్చి మళ్లీ చేశారు, ఇంత గట్టి పునాది ఉన్న ఎయిర్‌పోర్టు దేశం మొత్తం మీద ఇంకోటి చూపించండి చూద్దాం.

ఇంత ఏవియేషన్ వారసత్వం పెట్టుకుని కూడా మనం ఏం చేస్తున్నాం? పొద్దున్నే బండి ట్యాంకు మూత తీసి, ఒక కన్ను మూసి లోపలికి చూసి, హేండిల్ పట్టుకుని అటూ ఇటూ ఊపి, గళగళ చప్పుడు విని "ఆమదాలవలస దాకా వస్తాదిలే" అనుకుని బయల్దేరిపోతున్నాం. సిగ్గుచేటు. పైగా ఇప్పుడు బంకులో పోసే పెట్రోల్లో నూటికి 20 పాళ్లు ఎథనాల్, అంటే ఆల్కహాల్. కాబట్టి ఈ వ్యాసం ద్వారా నేను కేంద్ర ప్రభుత్వాన్ని కోరేది ఏంటంటే, విమానాల భద్రత చూసే డీజీసీఏ నీడలో చిన్న విమానాల ఫ్యూయల్ ట్యాంకుకి ఏయే మర్యాదలు జరుగుతున్నాయో అవన్నీ మా వంద సీసీ బండి ట్యాంకుకి కూడా జరగాలి. ఒక్కటి కూడా తగ్గకూడదు.

ఏం మర్యాదలు అంటారా. సెస్నా 172 అని ఒకటుంటాది, పైలట్ ట్రైనింగ్ తీసుకునే పిల్లలు ఎక్కువగా దాని మీదే నేర్చుకుంటారు, నలుగురు కూచునే చిన్న విమానం, రెక్కల్లోనే పెట్రోలు ట్యాంకులు. దాన్ని గాల్లోకి లేపే ముందు పైలట్ చిన్న గాజులాంటి కప్పు ఒకటి పట్టుకుని రెక్క కిందకి దూరతాడు, అక్కడ వాల్వుకి ఆ కప్పు పిన్ను గుచ్చి కొంచెం ఆయిల్ పట్టి, పైకెత్తి వెలుతురుకి పెట్టి చూస్తాడు. రంగు నీలంగా ఉందా, అడుగున నీటి బొట్లు ఉన్నాయా, నలక ఉందా. కొత్త మోడళ్లలో అలాంటి వాల్వులు 13 ఉంటాయండి, పదమూడూ చూడాల్సిందే. ఆ నీలం రంగు పెట్రోలు పేరు ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్. ఒకప్పుడు విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లం, 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్లు వడోదరలో తయారు చేయడం మొదలెట్టారు. అందులో సీసం ఉంటాది, అది వేరే గొడవ, కానీ ఎథనాల్ మాత్రం ఉండదు. కలపనివ్వరు.

అమెరికాలో 1982 నుంచి కొన్ని చిన్న విమానాల్లో మామూలు కారు పెట్రోలు పోసుకోవడానికి పర్మిషన్ ఉంది, సెస్నా 150తో మొదలైంది, ఏవ్‌గ్యాస్ రేటు భరించలేక అడిగి తెచ్చుకున్నారు. దానికి ముఖ్యమైన షరతు, ఆ పెట్రోల్లో ఆల్కహాల్ ఉండకూడదు. మన దేశంలో పైలట్ ఫ్లైటుకి 12 గంటల ముందు నుంచి మందు ముట్టకూడదు, గొట్టం పెట్టి ఊదిస్తారు, ఆ సంగతి అందరికీ తెలుసు. ట్యాంకుకి కూడా ఊదించే టెస్టు లాంటిది ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలీదు. మన దగ్గరేమో పోలీసులు రాత్రి పూట బండి నడిపేవాణ్ణి ఆపి ఊదిస్తారు, వాడు సుబ్బరంగా ఇంటి నుంచి మజ్జిగ తాగి వచ్చి ఉంటాడు, వాడి కింద ఉన్న బండి మాత్రం నూటికి 20 పాళ్లు తాగి ఉంటాది, దాన్ని ఎవరూ అడగరు.

ఆ ట్యాంకు టెస్టు మొన్న పాలకొండ రోడ్డులో మెకానిక్ షెడ్డు దగ్గర కళ్లారా చూశాను. చుట్టుపక్కల బీడీలన్నీ ఆర్పించాడు ముందు. పిల్లల దగ్గు మందు ఖాళీ సీసా తీసుకుని, ఒక వేలు మందాన నీళ్లు పోసి పెన్నుతో గీత గీశాడు, దాని మీద మూడు వేళ్లు పెట్రోలు పోశాడు, మూత పెట్టి గట్టిగా కుదిపి బల్ల మీద పెట్టాడు. ఐదు నిమిషాలకి పెట్రోలు పైకీ నీళ్లు కిందకీ విడిపోయాయి, కానీ నీళ్లు గీత దగ్గర ఆగలేదు, ఒకటిన్నర వేళ్ల దాకా పెరిగి కూచున్నాయి. "సూసినారా మాస్టారూ, మనం ఒక వేలే పోసినాం, మిగతాది ఏటి? పెట్రోల్లో సారా దిగిపోయి నీల్లలో కలిసిపోనాది" అన్నాడు. పక్కనున్న పెద్దాయన సీసా వైపు అదో రకంగా చూసి "అయితే కింద ఉన్నది తాగొచ్చేటి బావూ" అని అడిగాడు. కళ్లు పోతాయని మెకానిక్ చెప్పాడు, అయినా ఆయన ఇంకో రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డాడు. 99 రూపాయలకి క్వార్టర్ దొరుకుతున్న రాష్ట్రంలో ఇంత కరువు ఏంటో నాకు అర్థం కాలేదు.

సరే, అసలు విమానాలోళ్లకి ఎథనాల్ అంటే ఎందుకంత భయం. ఎథనాల్‌కి నీళ్లంటే ప్రాణం, ముసురు రోజుల్లో మూత తీసిపెట్టిన ఉప్పు డబ్బా లాగా గాల్లో తేమని కూడా లాగేసుకుంటాది. నిజం చెప్పాలంటే మూసిన ట్యాంకులో గాలి నుంచి వచ్చే తేమ చాలా నెమ్మదిగానే వస్తాది, అసలు ముప్పు మూత పక్క నుంచి దిగే వాన చుక్కలతోటి, బంకు భూమిలో ట్యాంకులోకి ఊరే నీటితోటి. కొంత వరకూ ఎథనాల్ ఆ నీటిని తనలో కలిపేసుకుని ఏమీ ఎరగనట్టు ఉంటాది, పైలట్ కప్పులో పట్టి చూస్తే బొట్టు కూడా కనపడదు, పైకి సుబ్బరంగా ఉంటాది. హద్దు దాటిందంటే మాత్రం నీళ్లూ ఎథనాలూ చేతులు కలిపి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, ఇంజనుకి పైపు ఉండేది కూడా అడుగునే కదా, ముందు అదే తాగుతాది. పైన మిగిలిన పెట్రోలు ఎథనాల్ పోయింది కాబట్టి ఆక్టేన్ తగ్గి నీరసంగా ఉంటాది. మూడువేల అడుగుల మీద ఇంజను ఒక దగ్గు దగ్గిందంటే పైలట్ పరిస్థితి మీరే ఊహించుకోండి.

అదొక్కటే కాదు. దానికని చేయని రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి, ఫైబర్ గ్లాసు ట్యాంకులో రెసిన్ మెత్తబడుతుంది, రెక్క లోపల అతుకులకి వేసిన సీలెంట్ వదిలేస్తాది, ఆ పెచ్చులు వెళ్లి ఫిల్టర్‌కి అడ్డం పడతాయి. ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కన్నా ఎథనాల్ రెండింతలు పైన వేడి లాక్కుంటాది, దాంతో కార్బరేటర్లో మంచు పేరుకునే ప్రమాదం ఇంకా పెరుగుతుంది, అవునండీ మంచే, బయట ఇరవై డిగ్రీలు ఉన్నా సరే గాల్లో తేమ ఉంటే చాలు. రోటాక్స్ 912 అని చిన్న విమానాలకి వాడే ఇంజను ఒకటుంది, ఆ కంపెనీ వాళ్లు 10 శాతం వరకూ ఎథనాల్ ఒప్పుకున్నారు, అది కూడా ఇంజను వరకే, మీ ట్యాంకు సంగతి విమానం కట్టినోణ్ణి అడుక్కోమన్నారు. ఇరవై శాతం దగ్గరకి వాళ్లూ రాలేదు.

మనం వచ్చేశాం. 2030కి అనుకున్న 20 శాతాన్ని 2025కే లాగేశాం. 2022 జూన్‌కి పది శాతం, 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఇ20, అంటే ఆ 20 శాతం కలిపిన పెట్రోలు, ప్రారంభం, చూస్తుండగానే బంకుల్లో అదే మిగిలింది. మన దేశంలో టైముకి ముందు అయిపోయిన పని ఇదొక్కటే అనుకుంటా, వంశధార ప్రాజెక్టుని కూడా ఈ శాఖకి అప్పజెప్పి ఉంటే బాగుండేది. ఎథనాల్ కలపని పెట్రోలు కూడా అమ్మండి బాబూ, ఎవరికి కావాల్సింది వాళ్లు పోయించుకుంటారు అని ఒకాయన సుప్రీంకోర్టుకి వెళ్తే 2025 సెప్టెంబరు 1న కొట్టేశారు. మైలేజీ సంగతి నీతి ఆయోగ్ 2021లోనే రాసింది, పాత కార్లకి 6 నుంచి 7 శాతం, బళ్లకి 3 నుంచి 4 శాతం తగ్గుతుందని. ఎథనాల్లో సత్తువ పెట్రోల్లో కన్నా మూడో వంతు తక్కువ, అందులో 20 శాతం కలిపితే ఎంత పోతుందో ఐదో క్లాసు పిల్లాడు కూడా చెప్తాడు. తగ్గనిది బంకులో రేటొక్కటే, అది ఎప్పుడో వంద దాటింది.

రైతుకి లాభం కదా అంటారు, నేనూ అదే అంటాను, రైతుకి లాభమంటే అడ్డం చెప్పే పాపం నేను మూటగట్టుకోను. చెరకు నుంచి ఎథనాల్, మరి ఆమదాలవలస సుగర్ ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్లయింది, ప్రతి ఎలక్షన్‌కీ తెరుస్తామంటారు, భీమసింగిది కూడా ఆ దారే పట్టింది. అంటే మన చెరకుకి గానుగ లేదు గానీ ఎవరిదో చెరకు మన బండి ట్యాంకులోకి వచ్చి పడుతోందన్నమాట. ఇప్పుడు చెరకు కన్నా మొక్కజొన్నతో ఎక్కువ చేస్తున్నారు, మన రెండు జిల్లాల్లో మొక్కజొన్నకి లోటు లేదు, విరిగిన బియ్యం కూడా వాడుతున్నారు, ఎఫ్‌సీఐ గోడౌన్ బియ్యం కూడా ఇస్తున్నారు. రేషన్ బియ్యం పక్కదారి పడితే కేసు పెడతారు, ట్యాంకులోకి పడితే హరిత ఇంధనం.

ఎథనాల్ మీద నాకు కోపం లేదండీ. బ్రెజిల్‌లో ఎంబ్రాయర్ వాళ్లు ఇపనేమా అని పొలాల మీద మందు కొట్టే విమానం ఒకటి చేశారు, 2004లో సర్టిఫికెట్ వచ్చింది, అది అచ్చంగా ఎథనాల్ మీదే ఎగురుతాది. వాళ్లు ఏం చేశారంటే ముందు ఇంజనూ ట్యాంకూ పైపులూ దానికి తగ్గట్టు మార్చి, పరీక్షలు చేసి, అప్పుడు పోశారు. మనవాళ్లు ముందు పోశారు. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్లలో రబ్బరూ గట్రా దానికి తట్టుకునేట్టు పెట్టారంట, సంతోషం, మరి అంతకు ముందు బళ్లు? మన జిల్లాల్లో బండి అంటే తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి బావమరిదికి, అక్కణ్ణుంచి పాలు పోసేవాడికి వెళ్లే ఆస్తి. ఎక్స్ఛేంజ్ ఆఫర్ అనేది మనకి టీవీలో చూసే విషయం.

పైగా మనది వలసల జిల్లా. తీరంలో కుర్రాళ్లు ఆగస్టు వచ్చిందంటే బోట్ల మీద వేటకి గుజరాత్ వెరావల్ పోతారు, మళ్లీ వేసవికి గానీ రారు, ఉద్దానం వాళ్లు గల్ఫ్ పోతే రెండేళ్లు, హైదరాబాద్ కూలికి పోయినోళ్లు సంక్రాంతికి వస్తారు. ఇంటి పంచలో గోనె పట్టా కప్పుకుని సగం ట్యాంకు పెట్రోలుతో బండి అలా పడుంటాది. విమానం హేంగర్లో ఊరికే పడుంటే ట్యాంకు నింపి పెట్టు, అడుగు నుంచి తీసి చూడు, ఎక్కువ రోజులైతే పాత ఆయిల్ తీసేయ్ అని పుస్తకాల్లో రాసిపెట్టారు. మన బండికి రాసింది ఎవడు? మొన్న ఆ షెడ్డులోనే వెరావల్ నుంచి వచ్చిన కుర్రాడి బండి ఒకటి విప్పారు, కార్బరేటర్ కింద గిన్నె స్క్రూ వదిలితే ముందు పెట్రోలు రాలేదు, టీ డికాషన్ రంగు నీళ్లు వచ్చాయి, తర్వాత ఏదో జిగురు, జెట్ బొక్కలు రెండూ పూడిపోయి ఉన్నాయి. ఆ కుర్రాడు ఎనిమిది నెలలు సముద్రం మీద బతికి వచ్చాడు, ఇంట్లో బండి మునిగిపోయింది.

ఇంతకీ విమానానికి ఉన్న మినహాయింపు మనకెందుకు లేదు? బాగా ఆలోచిస్తే నాకు తట్టింది ఇది. విమానం ఆగిపోతే పైలట్ దిగి తోసుకెళ్లలేడు. మనం తోసుకెళ్లగలం. మన కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లూ మన ట్యాంకులో ఏం పోసినా భద్రతా సమస్య కాదు, వ్యాయామం. ఏ శాఖ ఫైల్లోనూ ఈ మాట రాసి ఉండదు గానీ లెక్క మాత్రం ఇదే.

అందుకని ఇక వాదించడం మానేసి ప్రభుత్వానికి నా డిమాండ్లు మర్యాదగా పెడుతున్నాను. ప్రతి బండితో పాటు అడుగు నుంచి ఆయిల్ తీసి చూసుకునే కప్పు ఒకటి ఫ్రీగా ఇవ్వాలి, మీద నాయకుల ఫొటో వేసుకున్నా పర్లేదు, వెలుతురు తగిలే చోటు వదిలేసి వేసుకోండి. బంకుల్లో నీళ్లు కనిపెట్టే పేస్టు, ఫిల్టర్ పేపర్ అడిగితే "మీరొక్కరే అడుగుతున్నారు సార్" అనే సమాధానాన్ని చట్టవిరుద్ధం చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం తోసుడు భత్యం. శ్రీకాకుళం ఆమదాలవలస రోడ్డు లాంటి చదును దారికి మామూలు రేటు, వర్షంలో అయితే ఒకటిన్నర, సీతంపేట ఘాట్ ఎక్కుడుకి డబుల్. ఘాట్ దిగుడుకి ఏమీ ఇవ్వక్కర్లేదు, అక్కడ న్యూట్రల్‌లో పెట్టి దిగేస్తాం, దాన్ని గ్లైడింగ్ కింద లాగ్‌బుక్‌లో రాసుకోనిస్తే చాలు. ఈ లెక్కంతా ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆవిడ ఒకే ఒక్క పాయింటు లేవనెత్తింది, బండి హేండిల్ పట్టుకుని ముందు నడిచేది మీరు, చీర ఎగ్గట్టి వెనక నుంచి తోసేది నేను, ఆ భత్యం ఎవరి అకౌంట్లో పడుతుందో ముందు అది తేల్చండి అంది. దరఖాస్తు ఫారం అందుకే ఇంకా పోస్టు చెయ్యలేదు.