గండం గడిచాక మొదలయ్యే పీడకలలు

ఐసీయూ నుంచి ఇంటికొచ్చిన మనిషిని చూసి అందరూ ఒకటే మాట అంటారు: "చచ్చి బతికావు, ఇంకేం భయం లేదు." ఆయన సరేనని తలూపుతాడు. రాత్రి లైటు తీసేస్తే మాత్రం నిద్ర పట్టదు. ఎక్కడ ఏ యంత్రం బీప్‌మన్నా గుండె దడదడలాడుతుంది. వారాల తరబడి తల పక్కన మానిటర్ అలాగే మోగింది మరి. చెకప్ తేదీ దగ్గరపడితే ఏదో ఒక సాకు చెప్పి వెళ్లడం మానేస్తాడు. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు, లేదంటే మొండితనం అనుకుంటారు. అది పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా వెంటాడే మానసిక వ్యాధి, కావచ్చన్న అనుమానం ఎవరికీ రాదు.

ఈ పేరు వినగానే యుద్ధం చూసిన సైనికులు గుర్తొస్తారు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని మానసిక వ్యాధుల జాబితాలో చేర్చడానికి వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవారి బాధలే ముఖ్య కారణం. కానీ ఐసీయూ నుంచి ప్రాణాలతో బయటపడినవారిలోనూ మొదటి ఏడాదిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ లక్షణాలు గట్టిగానే కనిపిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇందులో నన్ను బాగా కలచివేసే విషయం ఒకటుంది. ఈ రోగుల్లో చాలామందిని వెంటాడేది నిజంగా జరిగిన సంఘటన కాదు, అసలు జరగనిది. ఒంట్లో ఇన్ఫెక్షన్, మత్తుమందులు, రాత్రీపగలూ తేడా తెలియని వెలుతురు, నిద్రలేమి అన్నీ కలిసి మెదడును అయోమయంలో పడేస్తాయి. దీన్నే డెలీరియం అంటారు. అమెరికాలో 821 మంది రోగులతో చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 74 శాతం మందికి ఆసుపత్రిలో ఉండగానే ఇది వచ్చింది. ఆ స్థితిలో, గొట్టం పీక్కోకుండా చేతులు కడితే తనను ఎవరో ఎత్తుకొచ్చి కట్టేశారని అనిపిస్తుంది. నర్సు ఇచ్చే ఇంజెక్షన్ విషంలా అనిపిస్తుంది. మూత్రానికి గొట్టం వేయడం అత్యాచారంగా మనసులో పడిపోతుంది. ఒళ్లు కోలుకున్నా ఆ జ్ఞాపకం చెరగదు. పైగా అసలు జరిగిందేమిటో గుర్తుండదు కాబట్టి, అది అబద్ధమని తేల్చుకునే ఆధారం కూడా ఆ మనిషి దగ్గర ఉండదు. బ్రిటన్‌లో క్రిస్టినా జోన్స్ బృందం 2001లోనే ఈ సంగతి గుర్తించింది. ఐసీయూలో నిజంగా జరిగినవి, చేదువైనా సరే, కొంత గుర్తున్నవారి కంటే భ్రమలు మాత్రమే మిగిలినవారే ఎక్కువ బాధపడ్డారు.

మరి రోగులు ఈ బాధను ఎందుకు బయటికి చెప్పరు? ప్రాణం పోసినవాళ్లే నన్ను చంపబోయారని ఎవరితో అనగలరు? పిచ్చి అనుకుంటారన్న భయం ఒకవైపు, డాక్టర్ల పట్ల కృతజ్ఞత మరోవైపు నోరు నొక్కేస్తాయి.

"పాపం, ఏమీ తెలియకుండా పూర్తిగా నిద్రపుచ్చండి" అని డాక్టర్లను బతిమాలే కుటుంబాలు ఎన్నో. ప్రేమతోనే అడుగుతారు. కానీ గాఢమైన మత్తు మనసుకు కవచం కాదు. మత్తు కోసం ఇచ్చే మిడజోలం లాంటి బెంజోడయాజెపిన్ రకం మందులతో డెలీరియం ముప్పు ఎక్కువ. అమెరికాలోని సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 2018 మార్గదర్శకాలు ముందు నొప్పి తగ్గించమని, మత్తు తేలికగా ఉంచమని, వెంటిలేటర్ మీద ఉన్నవారికి వీలైతే వేరే మందులు వాడమని సూచించాయి. పిలిస్తే కళ్లు తెరిచే స్థితిలో రోగిని ఉంచడానికి నర్సులు ఎక్కువమంది కావాలి, ఓపిక కావాలి. ఖర్చు ఎక్కువని దీన్ని పక్కన పెట్టకూడదు.

స్కాండినేవియా దేశాల్లో మొదలైన డైరీ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. రోగి స్పృహలో లేని రోజుల్లో ఏం జరిగిందో నర్సులు, ఇంట్లోవాళ్లు రోజూ రాస్తారు. కోలుకున్నాక ఆయనే చదువుకుంటాడు. యూరప్‌లో పలు ఆసుపత్రుల్లో జరిపి 2010లో ప్రచురించిన పరీక్షలో, డైరీ అందినవారిలో కొత్తగా పీటీఎస్‌డీ వచ్చినవారు 5 శాతం, అందనివారిలో 13 శాతం. అయితే 2019లో ఫ్రాన్స్‌లో జరిగిన మరింత పెద్ద పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే ఏడాది బ్రిటన్‌లో, ఐసీయూలో ఉండగానే నర్సులతో మానసిక ధైర్యం చెప్పించిన ప్రయత్నమూ ఫలించలేదు. కాబట్టి డైరీని మందు అని నేను చెప్పను. అయినా తన జీవితంలో మాయమైన రోజులు ఎలా గడిచాయో తెలుసుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. డైరీ ఉండాలనడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

బ్రిటన్‌లో 2009 నుంచే, ఐసీయూ నుంచి బయటపడ్డ రెండు మూడు నెలలకు రోగిని మళ్లీ పిలిచి శరీరంతో పాటు మనసునూ పరీక్షించాలన్న మార్గదర్శకం ఉంది. ఆ సమయం చాలా ముఖ్యం. తొలి వారాల్లో పీడకలలు వచ్చి వాటంతట అవే తగ్గిపోయేవారూ ఉంటారు. తగ్గనివారికి చికిత్స ఉంది. పీటీఎస్‌డీకి పనికొచ్చే ట్రామా ఆధారిత సీబీటీ (భయపెట్టే ఆలోచనలను మాటలతో మార్చే చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) థెరపీలు ఎప్పటి నుంచో ఉన్నవే. ఐసీయూ తలుపు బయట రోజుల తరబడి కూర్చున్న భార్యకో కొడుక్కో కూడా ఇవే లక్షణాలు రావచ్చు. వాళ్లనూ అడగాలి.

డిశ్చార్జ్ కాగితంలో ఏ మాత్ర ఎన్ని పూటలు వేసుకోవాలో రాస్తారు. ఆ కాగితం మీదే ఇంకో రెండు వాక్యాలు ఉండాలని నా కోరిక: "ఐసీయూలో చూసినవి, అనిపించినవి కలల్లో వస్తుంటే మాకు చెప్పండి. అవి చాలామందికి వస్తాయి." రెండో వాక్యం మరిచిపోకుండా రాయాలి. తనకే పిచ్చి పట్టిందేమో అని లోలోపల కుమిలిపోతున్న మనిషి మొదట వెతుక్కునేది ఆ మాటనే.