ఐదు ట్రిక్కులతో ఆత్మరక్షణ రాదు

"ఈ ఐదు ట్రిక్కులు వస్తే మీ అమ్మాయిని రోడ్డు మీద ఎవడూ ఏమీ చేయలేడు" అనే తరహా వీడియోలు వాట్సాప్‌లో ఆగకుండా తిరుగుతున్నాయి. పట్టు విడిపించుకోవచ్చు, టెక్నిక్ ఉంటే బలంతో పనిలేదు, కత్తి లాక్కోవచ్చు, ఆత్మరక్షణ కాబట్టి ఎంత కొట్టినా కేసు ఉండదు, ఇక భయమే అక్కర్లేదు అన్నది వాటి సారాంశం. నేను పిల్లలకు జూడో నేర్పుతాను. తల్లిదండ్రులు ఇవే నాకు పంపి "ఇవి కూడా నేర్పండి సార్" అంటున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్పాల్సి వస్తోంది.

మొదటిది, మణికట్టు పట్టుకుంటే బొటనవేలి వైపు తిప్పి లాగితే చేయి ఊడొస్తుందని. అంతవరకు నిజమే, పట్టులో బలహీనమైన చోటు అదే. మేమూ అదే నేర్పుతాం. కానీ వీడియోలో పట్టుకున్నవాణ్ణి గమనించండి. కాళ్లు కదపకుండా నిలబడి, రెండో చేయి ఖాళీగా వదిలేసి ఉంటాడు. మా క్లాసులో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి దీన్ని చక్కగా చేసి చూపించింది. అప్పుడు ఎదుటి అమ్మాయితో "ఈసారి వదలకు, నిజంగా లాక్కెళ్లు" అన్నాను. ఒక్క గుంజు గుంజేసరికి ఈ పిల్ల ముందుకు తూలింది. పాదాలు సర్దుకునే తొందరలో చేయి తిప్పాలన్న సంగతే మర్చిపోయింది. ముందు అడుగు వెనక్కి వేసి, నడుం దించి, ఆ తర్వాత తిప్పడం అలవాటు కావడానికి వారాలు పట్టింది. ఒడ్డున నిలబడి చేతులాడిస్తే ఈత రాదు.

1882లో జూడోను మొదలుపెట్టిన జిగోరో కానో పట్టుకున్న కీలకం ఇదే. ప్రమాదకరమైన దెబ్బల్ని స్వేచ్ఛా సాధన నుంచి పక్కన పెట్టి, మిగతావాటిని ఎదురుతిరిగే మనిషి మీద పూర్తి బలంతో సాధన చేయించాడు. దాన్నే రాండోరి అంటారు. "పోటీల్లో చేసేది ఉత్త ఆట, కళ్లు పొడవడం, గొంతు మీద కొట్టడమే అసలు విద్య" అనేవాళ్లు కూడా ఇది ఆలోచించాలి. ఎవరి మీదా ఎన్నడూ నిజంగా చేసి చూడని దెబ్బ, టెన్షన్‌తో చేతులు వణికే క్షణంలో ఎలా వస్తుంది?

రెండోది, టెక్నిక్ ముందు బలం దిగదుడుపని. జూడో ఒలింపిక్స్‌లోకి వచ్చిన 1964 టోక్యో పోటీల్లోనే బరువు విభాగాలు పెట్టారు. బరువుతో నిమిత్తం లేని ఓపెన్ విభాగం కూడా ఒకటి ఉంచారు. ఆ ఫైనల్లో జపాన్ ఆటగాడు అకియో కమినాగా సొంతగడ్డ మీద, ఆరున్నర అడుగుల నెదర్లాండ్స్ ఆటగాడు ఆంటన్ హేసింక్ చేతిలో ఓడిపోయాడు. హేసింక్‌ది గొప్ప టెక్నిక్కే, కాదనను. కానీ ఒడ్డూపొడుగూ లెక్కలోకి రాదంటే ఏ జూడో మాస్టారూ ఒప్పుకోరు. ఆ మాట నమ్మిన 45 కిలోల అమ్మాయి, పరిగెత్తాల్సిన చోట నిలబడిపోతుంది. నా భయం అదే.

కత్తి సంగతి. వీడియోలో కత్తి ఒక్కసారే వచ్చి, చాచిన చేయి అక్కడే ఆగుతుంది. నిజంగా పొడవాలనుకున్నవాడు ఒక చేత్తో చొక్కా పట్టుకుని, రెండో చేత్తో ఆగకుండా పొడుస్తాడు. రబ్బరు కత్తికి సుద్ద రాసి సాధన చేయించండి. చొక్కా మీద పడిన గీతలు చూశాక ఎవరూ ఇక ఆ ట్రిక్కు అడగరు. ఫోన్ అడిగితే ఫోన్, గొలుసు అడిగితే గొలుసు ఇచ్చేసి దూరం జరగమనే నేను చెబుతాను.

ఇక ఎంత కొట్టినా కేసు ఉండదన్నది పచ్చి అబద్ధం. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తున్నాయి. అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటి సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుందని 38వ సెక్షన్ చెబుతోంది. కానీ కాపాడుకోవడానికి అవసరమైనంతకు మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ అంటోంది. పారిపోతున్నవాణ్ణి వెంటాడి కొడితే అది ఆత్మరక్షణ కాదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది చివరి మాట, ఇక భయమే అక్కర్లేదన్నది. ఈ వీడియోల్లో ప్రమాదం ఎప్పుడూ చీకటి సందులో, ముక్కూమొహం తెలియనివాడి రూపంలోనే వస్తుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు ఏళ్లుగా చెబుతున్నది వేరు. అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, పక్కింటివాడు, స్నేహితుడు, పని ఇచ్చినవాడు. తెలిసినవాడు భుజం మీద చేయి వేసినప్పుడు పంచ్ రాదు, మొహమాటం వస్తుంది.

శిక్షణ దండగ అనడం లేదు. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు 900 మంది విద్యార్థినుల మీద చేసిన అధ్యయనం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 12 గంటల శిక్షణ కేటాయించినవాళ్లలో ఏడాదిలోపు అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం, ఇతరుల్లో 9.8 శాతం. ఆ 12 గంటల్లో దెబ్బలు ఒక భాగమే. తెలిసినవాళ్ల తీరులో ప్రమాదాన్ని పసిగట్టడం, మొహమాటం దాటి ఎదిరించడం మిగతా భాగం.

మన ప్రభుత్వ బడుల్లోనూ సమగ్ర శిక్ష కింద అమ్మాయిలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. అందులో కిక్‌లతో పాటు ఇదీ చేయించాలి: మామయ్య వరసైనవాడు ఒంటరిగా గదిలోకి రమ్మంటే "రాను" అని గట్టిగా అనడం, గొంతెత్తి అరవడం, 112కి ఫోన్ చేయడం, ఇంటికొచ్చి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పడం. అమ్మానాన్నలనూ ఒక పూట పిలిచి, పిల్ల చెప్పినప్పుడు ముందు నమ్మాలని కూర్చోబెట్టి చెప్పాలి.