మహారాజశ్రీ క్రాసోవర్ గారి సముఖానికి

హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మా బావ కొత్త కారుగా మిమ్మల్ని తెచ్చిన నాటి నుంచి నక్కలగుట్టలో మా గల్లీ సగమైంది. ఆయన అందరికీ మిమ్మల్ని ఎస్‌యూవీ, అంటే జీపు జాతి బండి అనే చెప్తున్నాడు. మీరూ కాదనట్లేదు.

మొన్న చాప వేసుకుని మీ కిందికి దూరి చూశాను, ఏమనుకోకండి. మా నాయన బొలెరో కింద లారీకున్నట్టే రెండు పొడుగు ఇనుప దూలాలుంటాయి, మధ్యలో అడ్డకమ్మీలు. ఆ ఛాసిస్ మీద బాడీని బోల్టులతో బిగించారు. వెనక చక్రాలకు ఇంజను బలం మోసే షాఫ్టు పోతుంది. మీకు వేరే ఛాసిసే లేదు. నేల, గోడలు, కప్పు కలిపి వెల్డింగ్ చేసిన ఒకటే డబ్బా. షాఫ్టు కోసం ఎంత వెతికినా దొరకలేదు, మిమ్మల్ని లాగేది ముందు చక్రాలే. అంటే మా చెల్లె నడిపే చిన్నకారుకు మీరు సొంత అన్న. కాస్త ఎత్తు పెరిగి మీసం పెంచారంతే.

వంశం చిన్నదేం కాదు లెండి. 1977లో ఫ్రాన్సులో మాత్రా కంపెనీ వాళ్లు రాంచో అని ఒక బండి తీశారు. చూపుకు అడవుల్ని దున్నేటట్టుంటుంది, లోపలంతా సిమ్కా అనే మామూలు కారు, ఫోర్‌వీల్ డ్రైవ్ ఊసే లేదు. నా లెక్కన మీ మూలపురుషుడు ఆయనే. కొందరు అమెరికా ఏఎంసీ కంపెనీ ఈగిల్ కారు పేరు చెప్తారు గానీ, అది నిజంగానే నాలుగు చక్రాలతో లాగేది. దాన్ని మా బావ బండి వంశంలో ఎట్లా కలపను? తర్వాత 1994లో టొయోటా రావ్4, 1995లో హోండా సీఆర్-వీ వచ్చాయి. రెండోది సివిక్ కారు మీద కట్టిందే. జీపు ఎత్తు కావాలి, జీపు కుదుపు వద్దు, జీపు తాగుడు అసలే వద్దన్న జనం ఎగబడ్డారు.

మీ అసలు విద్య మాత్రం పన్ను దగ్గర చూడాలి. 2013 బడ్జెట్‌లో ఎస్‌యూవీల ఎక్సైజు 27 నుంచి 30 శాతానికి పోయింది. సర్కారు టేపు పట్టి మరీ కొలిచింది: ఆ పన్ను పడాలంటే పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటాలి, ఇంజను 1,500 సీసీ దాటాలి, నేలకు ఎత్తు 170 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. మీ తమ్ముళ్లు బుద్ధిగా 3,995 దగ్గర బంపర్లు ముడుచుకున్నారు. షోరూంలో పులి, పన్ను కాగితంలో చిన్నకారు! అమెరికాలోనేమో ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్న మీ చుట్టాలు మైలేజీ నిబంధనల్లో ట్రక్కులుగా చలామణీ అవుతారు. ఏ ఊళ్లో ఏ వేషం లాభమో మీకు తెలిసినట్టు మా కార్పొరేటర్లకు కూడా తెలియదు.

న్యాయం మాట్లాడాలంటే హైదరాబాద్ రోడ్డు మీద మీరే నయం. మలుపులో ఒరగరు. నాయన బొలెరోలో వెనక కూచుంటే జనగామ రాకముందే నడుము జవాబు చెప్తుంది.

కానీ బావ మిమ్మల్ని పరకాల దగ్గర మా పత్తి చేను బాటలోకి దింపాడే! వాన పడ్డ నల్లరేగడి. ముందు చక్రాలు రెండూ గిర్రున తిరిగాయి, మీరు అంగుళం కదల్లేదు. నాయన బొలెరో దిగి ఒక్కటే మాట: "ఏంది అల్లుడా, గిది అడివిల గూడ పోతదంటివి?"

అల్లుడు ఏసీ పెంచుకున్నాడు.

కాబట్టి మనవి ఏమనగా, తాడు కట్టే మీ కొక్కెం డిక్కీలో జాకీ పక్కన దాచి ఉంటుంది, బంపర్ మీది చిన్న మూత తీసి దాన్ని బిగించాలి. ఆ సంగతి బావకు ఇంకా తెలియదు. వచ్చే వాన లోపల ఎట్లాగైనా ఆయన చెవిన వేయగలరు.

ఇట్లు,
తాడు పట్టుకున్న బామ్మర్ది